బదిలీ కాగితం

నేను ఆ క్లబ్బుకి సెక్రటరీనయ్యింది సమోసాల వల్ల. ఫిబ్రవరి నెలలో సిడ్నీ శివారు బ్లాక్‌టౌన్‌లో, బ్రీడా ఇంటి గరాజ్‌లో క్లబ్బు వార్షిక సమావేశం పెట్టారు. మా అమ్మాయి అఫీఫా ఆడే జట్టు కదా, ఉత్త చేతులతో ఎందుకు పంపాలని ఒక ట్రే సమోసాలు వేయించి నేనే పట్టుకెళ్లాను. ఇచ్చేసి వచ్చేద్దామనుకున్నదాన్ని, కుర్చీ చూపించారని కూర్చున్నాను. ఇరవై నిమిషాల్లో నన్ను ఎన్నుకున్నారు.

పోటీ లేదు, ప్రచారం లేదు. మాది ఆడపిల్లల గేలిక్ ఫుట్‌బాల్ జట్టు, ఐర్లండ్ వాళ్ల ఆట అది. అంతా కలిపి పది మంది. అందులో ఏడుగురు ఐర్లండ్ నుంచి ఏడాది వీసా మీద వచ్చినవాళ్లు, ఇద్దరు బ్లాక్‌టౌన్ పిల్లలు, పదోది అఫీఫా. వచ్చే నెల ఏ ఊళ్లో ఉంటారో వీసా పిల్లలకే తెలియదు. ఐర్లండ్ నుంచి వచ్చి నలభై ఏళ్ల కిందట ఈ క్లబ్బు పెట్టిన బ్రీడాకి ఇప్పుడు డెబ్బై ఆరు, చూపు సరిగా ఆనదు. ఆవిడ గరాజ్ అంతా ఒకసారి కలయజూసి, "పదకొండేళ్లుగా ఒకే ఇంట్లో ఉన్న మనిషి మనలో జరీనా ఒక్కతే" అంది. ఆవిడ ఇంగ్లీషుకి ఇది నా తెలుగు. అందరూ చప్పట్లు కొట్టారు.

నవ్వుకుంటే నవ్వుకోండి, నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. నేను పనిచేసే టైల్స్ షోరూమ్‌లో పదకొండేళ్లుగా నన్ను "జీ" అంటారు, పేరులో మొదటి అక్షరానికి మించి పలికే ఓపిక ఎవరికీ లేదు. పూర్తి పేరు పలికి, నువ్వే కావాలని ఒక పని అప్పజెప్పిన మనుషులు ఈ దేశంలో వీళ్లే. బ్రీడా నా ఒళ్లో ఒక నీలం ఫైలు, రెండు తెల్లకోట్లు, రెండు జెండాలు పెట్టింది. వాటిని స్కోఫీల్డ్స్‌లోని మా ఇంటికి తెచ్చుకుని ముందుగదిలో బల్ల మీద సర్దుకున్నాను.

కోట్లు, జెండాలు ఎందుకంటే, ఆ ఆటలో గోలుకి అటొకరు ఇటొకరు తెల్లకోటు వేసుకుని నిలబడతారు. ఆడే క్లబ్బులే ఆ మనుషుల్ని ఇవ్వాలి. బంతి అడ్డకర్ర కింద నుంచి వలలోకి వెళ్తే మూడు పాయింట్లు, పచ్చజెండా ఎత్తాలి. కర్ర పైనుంచి వెళ్తే ఒకటి, తెల్లజెండా. మా ఆయన మహబూబ్ పాషాకి ఒక కోటు తొడిగాను. వారమంతా గిడ్డంగిలో ఫోర్క్‌లిఫ్ట్ నడిపే మనిషి, ఆదివారం జెండా ఎత్తేటప్పుడు మాత్రం చెయ్యి నిటారుగా పెట్టి, మొహం జడ్జిగారిలా చేసుకునేవారు. ఆటేమో మనకి తెలిసిన ఫుట్‌బాలు కాదు. బంతి చేత్తో పట్టుకుని నాలుగడుగులు వెయ్యొచ్చు, ఆ తరవాత నేలకేసి కొట్టాలి, లేదా కాలి మీద వదిలి మళ్లీ చేతిలోకి తన్నుకోవాలి. అఫీఫా పన్నెండేళ్లప్పుడు స్కూలు స్నేహితురాలి వెంట వెళ్లి నేర్చుకుంది. ఇప్పుడు ఇరవై. తలకి స్కార్ఫు బిగించి, నిండుచేతుల జెర్సీ వేసుకుని, బంతిని పాదం మీదా చేతిలోనూ ఆడించుకుంటూ పరిగెత్తుతుంటే నేను ఊపిరి పీల్చుకోవడం మరిచిపోయేదాన్ని. నా కూతురని చెప్పడం కాదు, సిడ్నీలో అందరూ అనేమాటే.

ఫైలులో నిబంధనల పుస్తకం ఉంది. మొదటిరాత్రే మొత్తం చదివాను. తొమ్మిది మందితో ఆడాలి, కనీసం ఏడుగురుంటేనే ఆట మొదలుపెట్టనిస్తారు. వరసగా రెండుసార్లు జట్టుని దించలేకపోతే క్లబ్బు పేరు కొట్టేస్తారు. ఎవరైనా వేరే క్లబ్బుకి మారాలంటే మార్చి ఆఖరులోపు బదిలీ కాగితం నింపాలి, దాని మీద పాతక్లబ్బు సెక్రటరీ సంతకం ఉండాలి. లేకపోతే ఆ సీజనంతా ఇంకెక్కడా ఆడటానికి లేదు.

బదిలీ సంగతి బ్రీడాని అడిగాను. ఆవిడ టీ కప్పు కింద పెట్టి, "మాలో క్లబ్బు మారడం ఉండదు జరీనా. నువ్వు పుట్టిన చోటే నీ క్లబ్బు. మీ అమ్మ ఆడిందే నువ్వూ ఆడతావు. గెలిచినా ఓడినా అదే, చచ్చాక శవపేటిక మీద కప్పేది కూడా ఆ జెర్సీయే" అంది.

ఆ మాట నా మనసుకి పట్టేసింది. నర్సరావుపేట వదిలేశాను, హైదరాబాదు వదిలేశాను, చేసిన బీయీడీ వదిలేశాను. వదలకూడనిదొకటి ఉంటుందని ఎవరైనా చెబితే బాగుండునని ఎన్నాళ్లుగానో ఎదురుచూస్తున్నాను కాబోలు.

మార్చిలో రంజాన్ వచ్చింది. నెల సగమయ్యాక ఒక సాయంత్రం, ఇఫ్తార్ ముగించి గిన్నెలు తీస్తుంటే అఫీఫా ఖర్జూరాల పళ్లెం పక్కన ఒక కాగితం పెట్టింది. బదిలీ కాగితం. తూర్పువైపు, సముద్రం దగ్గర ఉండే పెద్ద క్లబ్బుకి.

"అమ్మీ, డోంట్ గెట్ అప్‌సెట్. జస్ట్ సైన్ ఇట్," అంది.

"ఎందుకంట?"

తను నెమ్మదిగా చెప్పింది. రాష్ట్రజట్టుకి ఎంపిక చేసేవాళ్లు తనని చూశారట. జూన్ నెలాఖరులోపు ఏదో ఒక క్లబ్బు తరఫున అయిదు ఆటలు ఆడి ఉండాలట. "మన దగ్గర అయిదు అవ్వవు అమ్మీ. మే లో నీవ్ వాళ్లు నలుగురు ఫార్మ్ వర్క్‌కి వెళ్లిపోతారు, వీసా ఎక్స్‌టెన్షన్ కోసం. ఎయిటీ ఎయిట్ డేస్ చెయ్యాలి. ఆ తర్వాత ఎంతమంది మిగుల్తారు? డూ ద మ్యాథ్."

నీవ్ మా కెప్టెన్. అఫీఫా కూడా వెళ్లిపోతే మిగిలేది అయిదుగురు. లెక్క నాకూ వచ్చు. "నువ్వే యెల్లిపోతే ఇంకెవరుంటారే? ఎనిమిదేళ్లు ఆడించిన క్లబ్బు. బ్రీడా ఆంటీ మొహం ఎట్టా చూస్తావు?" అన్నాను.

"ఐ జస్ట్ వాంట్ టు ప్లే, అమ్మీ."

"సరే, చూద్దాంలే. అక్కడ పెట్టు."

ఆ రాత్రి మా ఆయన, "సంతకం పెట్టెయ్ జరీనా. ఆడుకునే వయసు దానిది, మనదేం పోయింది" అన్నారు. పెడతాలెండి అన్నాను. పెట్టాను కూడా. తరావీహ్ నమాజు నుంచి ఆయన వచ్చేలోపే సంతకం పెట్టి, కాగితాన్ని నీలం ఫైలులో పెట్టి, ఫైలు తెచ్చి వంటింట్లో మైక్రోవేవ్ మీద ఉంచాను. ఇక ఫొటో తీసి ఆ క్లబ్బుకి పంపడమే మిగిలింది.

ఆ ఏడు ఈద్ సరిగ్గా మార్చి ముప్ఫై ఒకటిన పడింది. పొద్దున నమాజు, మధ్యాహ్నానికి పెండిల్ హిల్ నుంచి బంధువులు, రెండు డేగిసాల బిర్యానీ, షీర్ ఖుర్మా. రెండు గంటలప్పుడు తూర్పు క్లబ్బు సెక్రటరీ కొలెట్ ఫోన్ చేసింది. అయిదింటికి బదిలీలు తీసుకునే ఆఫీసు మూసేస్తారు, గుర్తుందా అంది. సంతకం అయిపోయింది, నా ముందే ఉంది, పంపుతున్నాను అన్నాను. నాలుగున్నరకి మళ్లీ చేసింది. ఇదిగో ఇప్పుడే అన్నాను. ఫోను చేతిలోనే ఉంది. మైక్రోవేవ్ మీద ఖుర్మా ఒలికితే ఫైలు పక్కకి జరిపి తుడిచి, మళ్లీ అక్కడే పెట్టాను. అయిదు దాటాక ఫైలు తీసి ముందుగదిలో సర్దేశాను.

ఈ సీజను సంగతి ఎవరికి చెప్పినా ఇక్కడిదాకా వచ్చి, పండగ హడావుడిలో మరిచిపోయానని చెప్పేదాన్ని. మరిచిపోలేదు.

రాత్రి చుట్టాలు వెళ్లాక అఫీఫా అడిగింది. నేను తలకొట్టుకున్నాను, అయ్యో అన్నాను. అది గోడకానుకుంది. కోపంగా ఒక్కమాటన్నా అంటుందనుకున్నాను. "ఇట్స్ ఓకే, అమ్మీ. ఈద్ కదా. యూ వర్ కుకింగ్ ఆల్ డే," అని నా భుజం నిమిరి వెళ్లి పడుకుంది. మా ఆయన నా వైపు చూశారు. ఆరోజు నుంచి ఆయన నా ముందు ఆ ఫైలు ఊసెత్తలేదు.

ఏప్రిల్లో రెండు ఆటలు ఆడాం, మే మొదట్లో ఒకటి. అఫీఫా మూడింట్లోనూ ప్రాణం పెట్టి ఆడింది. ఎలాగైనా అయిదు పూర్తి చెయ్యాలని దాని పట్టుదల. "మూడయ్యాయి అమ్మీ, టూ మోర్" అని కారెక్కేది. దాని ఆశ చూస్తుంటే నేను చేసింది తప్పు కాదేమో, క్లబ్బూ నిలుస్తుంది పిల్లా నిలుస్తుంది అని నాకు నేనే నచ్చజెప్పుకునేదాన్ని. మే రెండో వారంలో నీవ్, ఇంకో ముగ్గురు క్వీన్స్‌లాండ్ పండ్లతోటలకి బయల్దేరారు. వెళ్తూ నీవ్ అఫీఫాని కావలించుకుని, కెప్టెన్ పట్టీ దాని చేతికి కట్టింది.

ఆరుగురం మిగిలాం. ఏడో మనిషి కోసం నేను ఊరంతా తిరిగాను. స్కోఫీల్డ్స్‌లో మన తెలుగు ఆడవాళ్ల త్రోబాల్ జట్టు ఉంది, దానికి వసుంధర కెప్టెన్. బ్యాంకులో పెద్ద ఉద్యోగం, గొంతు అంతకంటే పెద్దది. "బాలే కదా జరీనా, పట్టుకుంటాం, విసురుతాం. దానికింత బతిమాలటం ఎందుకమ్మా" అంది. సాఫ్ట్‌వేర్ అమ్మాయి స్నేహని కూడా లాక్కొచ్చింది.

చిక్కంతా అక్కడే వచ్చింది. గేలిక్ ఆటలో బంతిని విసరకూడదు, పిడికిలితో గానీ అరచేత్తో గానీ కొట్టి అందించాలి. వసుంధర ఏ బంతినీ వదల్లేదు. గద్దలా అందుకునేది, అందుకున్న ప్రతిదాన్నీ ముచ్చటగా రెండుచేతులా విసిరేది. రిఫరీ విజిల్ వేసేవాడు. ఇదేం అన్యాయమండీ అని తెలుగులో అతనితో తగాదా పెట్టుకునేది. ఆరోజు వాళ్లు ఏడు గోల్స్, పదమూడు పాయింట్లు కొట్టారు, మొత్తం ముప్ఫై నాలుగు. మావి తొమ్మిది, తొమ్మిదీ అఫీఫా కొట్టినవే. మా ఆయన ఆ చివర పచ్చజెండా ఎత్తీ ఎత్తీ అలిసిపోయారు. ఆట అయ్యాక అఫీఫా మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని వగరుస్తూ, "ఫోర్," అని నావైపు నాలుగువేళ్లు చూపించింది.

బుధవారం వసుంధర ఫోన్ చేసింది. "మోకాలు వాచిపోయింది జరీనా, ఫిజియో కదలొద్దన్నాడు. ఏమనుకోమాకు." స్నేహ మెసేజ్ పెట్టింది, ఆంటీ సారీ, వీకెండ్ రిలీజ్ ఉంది అని. తరవాతి ఆదివారం ఆరుగురమే వెళ్లాం. ఆట లేకుండానే అవతలివాళ్లకి గెలుపు రాసేశారు. ఇక ఒక్కసారి అలా జరిగితే క్లబ్బు పోతుంది.

అప్పుడు నా పేరు నేనే నమోదు చేసుకున్నాను. నలభై ఏడేళ్లు, బీపీ మాత్రలు. మా ఆయన నవ్వలేదు, షూ కొనుక్కొచ్చారు. అఫీఫా పెరట్లో నాకు బంతి కొట్టడం నేర్పింది. "జస్ట్ స్టాండ్ నియర్ ద గోల్, అమ్మీ. ఎవరైనా వస్తే చేతులు చాపు. దట్స్ ఆల్," అంది. రెండువారాలు సాయంత్రాలు అలా ఆడుకున్నాం. నాకు బంతి తగిలి కిందపడితే అది పొట్టపట్టుకుని నవ్వేది. ఆ రెండువారాలూ నేను చాలా సంతోషంగా ఉన్నాను, ఇది చెప్పక తప్పదు.

జూన్ మూడో ఆదివారం, తూర్పు క్లబ్బుతోనే ఆట. చలి, తడిగడ్డి. వాళ్లు పద్దెనిమిది మంది వచ్చారు, ఒకేరకం కోట్లు వేసుకుని. మావైపు ఆరుగురు పిల్లలు, నేను. ఇరవయ్యో నంబరు జెర్సీ నా కుర్తా మీదకి బిగుతుగా లాక్కున్నాను. అఫీఫా నా పక్కనే బెంచీ మీద కూర్చుని లేసులు కట్టుకుంటోంది. ఆటగాళ్ల జాబితా దాని ఒళ్లో ఉంది, ఆట ముందు కెప్టెనే దాన్ని రిఫరీకి ఇవ్వాలి. ఏడో పేరు నాది.

కొలెట్ మా దగ్గరికి వచ్చింది. మంచి మనిషి, చెడు ఉద్దేశం ఇంతైనా లేదు. "అఫీఫా ఈరోజు మా వైపు ఉండాల్సింది, పాపం" అంది. "ఆ రోజు నీకు రెండుసార్లు ఫోన్ చేశాను కదా జరీనా. సంతకం అయిపోయింది, ముందే ఉంది, పంపుతున్నా అన్నావు. అయిదింటిదాకా కంప్యూటర్ ముందే కూర్చున్నాను. ఇంతకీ ఏమైపోయింది అది?"

నేనేదో అన్నాను. ఇంటర్నెట్ అనో, చుట్టాలనో. కొలెట్ తలూపి వెళ్లిపోయింది.

అఫీఫా తల ఎత్తలేదు. రెండో బూటు లేసు కూడా కట్టుకుంది. చివరలు లోపలికి దోపింది. రిఫరీ వచ్చి జాబితా అడిగాడు. అది లేచి, కాగితాన్ని రెండు మడతలు వేసి జేబులో పెట్టుకుంది.

"వియ్ హావ్ సిక్స్," అంది.

రిఫరీ నావైపు చూశాడు. ఏడుగురు కనబడుతున్నారే అన్నాడు.

"షీ ఈజ్ నాట్ ప్లేయింగ్."

"అఫీఫా," అన్నాను, "అయిదోదే ఇది. ఇదొక్కటి ఆడితే నీ అయిదూ అయిపోతాయి. నా మీద కోపం తరవాత తీర్చుకుందువులే, ఇప్పుడు ఆడు తల్లీ."

అది మళ్లీ బెంచీ మీద కూర్చుంది. నిబంధన ప్రకారం రిఫరీ పావుగంట ఆగాలి. ఆగాడు. అవతల తొమ్మిదిమంది వాళ్లవాళ్ల చోట్లలో నిలబడి చేతులు రుద్దుకున్నారు. గోలు దగ్గర మా ఆయన తెల్లకోటు గుండీలన్నీ పెట్టుకుని నిలబడ్డారు, ఆయనకింకా ఏమీ తెలియదు. గడియారం చూసుకుని రిఫరీ మైదానం మధ్యలోకి వెళ్లి, వాళ్ల ఇద్దరు పిల్లల నడుమ బంతి ఎగరేసి, విజిల్ వేశాడు. వరసగా రెండోసారి ఆట లేకుండానే గెలుపు అవతలికి పోయింది. అంతే, నలభై ఏళ్ల క్లబ్బు అయిపోయింది.

రాష్ట్రజట్టు జాబితా జులై మొదట్లో వచ్చింది. అందులో ఎవరెవరున్నారో అఫీఫా చూడలేదు, నేను చూశాను.

ఫైలు తిరిగి ఇచ్చెయ్యడానికి బ్రీడా దగ్గరికి వెళ్లాను. మనసులో ఒక మూల, ఈవిడైనా నన్ను అర్థం చేసుకుంటుందని ఉంది. అంతా చెప్పాను. ఈద్ రోజు, ఫోన్లు, ఫైలు, ఏదీ దాచలేదు. క్లబ్బు కోసమే చేశాను, మీరన్న మాట నిలబెడదామని చేశాను అన్నాను. ఆవిడ చూపు ఆనని కళ్లతో నన్ను వెతుక్కుంది.

"దేవుడా," అంది. "అది మేం చెప్పుకునే మాట జరీనా. నాలుగు గుక్కలు పడ్డాక అందరం చెప్పుకుంటాం. నాకు ముగ్గురు కూతుళ్లు. ముగ్గురూ వేరే క్లబ్బులకి వెళ్లారు, ముగ్గురికీ నా చేత్తోనే సంతకాలు పెట్టాను. ఆట ఎక్కడుంటే పిల్లలు అక్కడికి పోతారు. పోనివ్వకుండా ఎలా ఉంటాం?"

ఇంకో కప్పు టీ పోస్తానంది. వద్దని వచ్చేశాను. బ్లాక్‌టౌన్ నుంచి మా ఇంటికి ఇరవై నిమిషాల దారి. మధ్యలో రెండుసార్లు కారు ఆపుకోవలసి వచ్చింది.

వాళ్ల నాన్నకి సంగతంతా అఫీఫాయే చెప్పిందట, నేను లేనప్పుడు. ఆయన తెల్లకోటు ఉతికి, ఇస్త్రీ చేసి, ఎవరికివ్వాలో తెలియక అలమరలో పెట్టారు.

ఆగస్టులో కొలెట్ మళ్లీ ఫోన్ చేసింది, ఈసారి అఫీఫాకే. క్లబ్బు పోయింది కాబట్టి వచ్చే సీజను ఎక్కడైనా ఆడొచ్చు, మా దగ్గరికి రా అంది. థాంక్యూ, ఆడటం మానేశానని అఫీఫా చెప్పింది. గొంతులో కోపం లేదు, బాధ లేదు. ఆ రాత్రి నేను వెళ్లి దాని మంచం మీద కూర్చుని వెళ్లమని బతిమాలాను. "వద్దులే అమ్మీ" అంది, పుస్తకంలోంచి తలెత్తకుండా.

ఇప్పుడు ఆదివారాలు ఇంట్లోనే ఉంటుంది. నాతో పెండిల్ హిల్ వచ్చి సరుకులు మోస్తుంది. ఇదివరకు నేను తెలుగులో అడిగితే ఇంగ్లీషులో జవాబిచ్చేది, ప్రతిదానికీ నాతో వాదించేది. ఇప్పుడు ఏం చెప్పినా సరే అంటుంది. ఫలానా పెళ్లికి వస్తావా అంటే సరే. ఆ డ్రెస్సు వేసుకో అంటే సరే. మొన్న వసుంధర మా ఇంటికి వచ్చి, "ఎంత నెమ్మదైపోయింది జరీనా నీ కూతురు, ఏం పెంపకమమ్మా" అంది.

ఆవిడ వెళ్లాక ఇక ఉండబట్టలేకపోయాను. అఫీఫా వంటింట్లో కత్తిపీట ముందేసుకుని ఉల్లిపాయలు తరుగుతోంది. నేను గుమ్మంలో నిలబడి, ఇన్నాళ్లూ దానితో అనని మాట అన్నాను. "అఫీఫా, ఆ రోజు నేను మర్చిపోలేదు. కావాలనే పంపలేదు."

"తెలుసు అమ్మీ," అంది.

తిడుతుందని చూశాను. ఏడుస్తుందని, కత్తిపీట తోసేసి లేచిపోతుందని చూశాను. ఏది చేసినా కాళ్లు పట్టుకుందామనే ఉన్నాను. అది తరిగినవి పళ్లెంలోకి తోసి, ఇంకో ఉల్లిపాయ చేతిలోకి తీసుకుని నావైపు చూసింది.

"ఇవి చాలా అమ్మీ, ఇంకోటి తరగాలా?" అంది.